సీద్రక్క మోకాళ్ళు

మనీలా ఎందుకు చూడాలని అడిగేవాళ్ళకు చెప్పడానికి నా దగ్గర తొమ్మిది కారణాలున్నాయి. ఒకప్పుడు పది ఉండేవి. ఆ పదోది సీద్రక్క. దాన్ని రాసింది నేనే, కొట్టేసిందీ నేనే. మధ్యలో జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ నోరు ఎండిపోతుంది. అందుకని ముందు కాస్త నా సంగతి చెప్పుకుని గొంతు తడుపుకుంటాను.

ఊళ్ళో నన్ను టెరోయ్ అంటారు. జ్ఞానస్నానం రిజిస్టరులో మాత్రం ఎలుతేరియో మగ్సినో. ముప్ఫై ఏళ్ళు పాతకోట గోడల లోపల గుర్రబ్బండి తోలాను. బండెక్కినవాళ్ళకు ఊరు చూపించడంతో పాటు కథలు చెప్పడం కూడా కిరాయిలో భాగమే. గోడలో ఒక పెద్ద గుంట చూపించి, మా తాత తుమ్మితే పడిందని చెప్పేవాణ్ణి. మా గుర్రం బల్తజార్ స్పానిష్‌లో సకిలిస్తుందనీ, ఇంగ్లీషు అర్థమవుతుంది కానీ సిగ్గు వల్ల మాట్లాడదనీ చెప్పేవాణ్ణి. జనం నవ్వి దిగిపోయేవాళ్ళు. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

ఈ విద్యకు పునాది వేసింది కాన్వెంటు సిస్టర్లు. ఇంగ్లీషు నేర్పింది వాళ్ళే. అబద్ధమాడినప్పుడల్లా నేల మీద పచ్చి పెసలు పోసి మోకాళ్ళ మీద నిలబెట్టిందీ వాళ్ళే. ఒకసారి సిస్టర్ పెర్పెతువా, "ఎలుతేరియో, ఆ పెసలు మొలకెత్తేదాకా లేవకు" అంది. మధ్యాహ్నానికే మొలకెత్తాయనీ, వాటిని సిస్టర్లు వేపుడు చేసుకుని తిన్నారనీ ఇంటికి వెళ్ళి మా అమ్మకు చెప్పాను. మర్నాడు మళ్ళీ పెసలే.

సీద్రక్క కూడా మోకాళ్ళ మీదే బతికింది. కాకపోతే ఎవరూ శిక్ష వేయలేదు.

ఆమె సమార్ ద్వీపం నుంచి పదిహేడో ఏట ఊళ్ళోకి వచ్చింది. రెండో తరగతి వరకు చదువు. ఒక పెద్దింట్లో పదేళ్ళు బట్టలుతికింది. ఆ ఇంటి ముసలావిడకు కియాపో చర్చిలో సిలువ మోస్తున్న నల్లటి యేసు విగ్రహం, నల్ల నజరేయుడి దగ్గర ఒక మొక్కు మిగిలిపోయింది. వాకిలి నుంచి బలిపీఠం దాకా మోకాళ్ళ మీద నడవాలి. ఆవిడ అప్పటికే మంచం పట్టింది. "పిల్లా, నా బదులు నువ్వు నడుస్తావా?" అని అడిగింది. సీద్రక్క నడిచింది. ముసలావిడ ఆ వారమే హాయిగా నిద్రలో పోయింది. ఆ ఇంట్లో వాళ్ళు పక్కింటివాళ్ళతో చెప్పారు, పక్కింటివాళ్ళు చేపల బజారులో చెప్పారు. ఏడాది తిరిగేసరికి సీద్రక్క బట్టలు ఉతకడం మానేసింది. నడవలేనివాళ్ళ బదులు, తీరికలేనివాళ్ళ బదులు, సిగ్గుపడేవాళ్ళ బదులు మోకాళ్ళ మీద నడవడమే ఆమె పని అయింది. కియాపోలో ఇలా ఇంకొకరి కోసం ప్రార్థించే ఆడవాళ్ళు అప్పట్లో పదిమంది దాకా ఉండేవాళ్ళు. చాలామంది మాటలు మింగేస్తూ గబగబా కానిచ్చేవాళ్ళు. సీద్రక్క మాత్రం ఎవరు తొందరపెట్టినా వినేది కాదు.

ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. అడిగినవాళ్ళు పూర్తి పేరు, ఒకే ఒక కోరిక చీటీ మీద రాసివ్వాలి. రాయలేనివాళ్ళు చెబితే మేనకోడలు రాసేది. నడిచేటప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడదు. మోకాళ్ళకు గుడ్డ చుట్టుకోదు. బలిపీఠం దగ్గర ఆ పేరు మూడుసార్లు పలుకుతుంది. తిరిగొచ్చి ఒక్క మాట అంటుంది: "చేరవేశాను." అంతే.

"జరుగుతుందంటావా అమ్మా?" అని అడిగితే, "పోస్టుమాను ఉత్తరం విప్పి చదువుతాడా తల్లీ? చేరవేయడం నా పని" అనేది.

ఆ చీటీలను పారేసేది కాదు. దేవుడి దగ్గరికి వెళ్ళొచ్చిన పేరును చెత్తలో వేయకూడదని ఒక పెద్ద రేకు బిస్కెట్ల పెట్టెలో దాచేది.

శుక్రవారాలు నజరేయుడి రోజు. ఆ రోజు పని ముగిశాక ఆమె చర్చి పక్క సందులో తోపుడుబండి దగ్గర అల్లం వేసిన కోడి జావ తాగేది. నేనూ బల్తజార్‌ని నీడలో కట్టేసి వచ్చి కూర్చునేవాణ్ణి. జావలో ఒక ఉడికిన గుడ్డు వేసిస్తారు. మా ఇద్దరి మధ్య ఒక పందెం ఉండేది. నా కథకు ఆమె నవ్వితే ఆమె గుడ్డులో సగం నాది. ఇరవై ఐదేళ్ళలో ఆమె దాదాపు ఐదారు వందల గుడ్లు నాకు పోగొట్టుకుంది. ఇది మాత్రం నిజం.

"నీ నాలుక మీద శనగగింజంత నిజమైనా నిలుస్తుందిరా టెరోయ్?" అనేది, గుడ్డును చెంచాతో రెండు ముక్కలు చేస్తూ.

"జారిపోతుందక్కా. జావ తాగిన నాలుక."

అలాంటి మనిషి మీద నేను అబద్ధం రాశాను.

మలాతేలో చిన్న లాడ్జి నడిపే మేడమ్ అగ్బయానీ ఒకరోజు నన్ను పిలిపించింది. బస చేసేవాళ్ళ కోసం కరపత్రం అచ్చు వేయిస్తోందట. పైన 'మనీలా చూడడానికి పది కారణాలు' అని పెద్దక్షరాలు. కింద ఖాళీ.

"కాన్వెంటు ఇంగ్లీషు నీది. నువ్వే రాసివ్వు టెరోయ్" అంది.

తొమ్మిది గబగబా రాశాను. సముద్రం మీద పొద్దుగూకడం, కోటగోడలు, చైనావాళ్ళ వీధిలో నూడుల్స్, పెళ్ళికూతురిలా అలంకరించిన జీప్నీ బస్సులు, కొబ్బరీ చిక్కుడుగింజలూ వేసి మంచు తురుముతో చేసే చలవ, ఇంకా అలాంటివి. నా గుర్రబ్బండికి ఆరో స్థానం ఇచ్చుకున్నాను, మొదటిదే ఇచ్చుకుంటే బాగుండదని. అక్కడితో బండి ఆగిపోయింది.

"తొమ్మిది చాలదా మేడమ్?"

"పైన పది అని అచ్చైపోయింది. రేపు ప్రెస్సుకివ్వాలి" అంది ఆమె.

ఆ మధ్యాహ్నం జావ బండి దగ్గర కాగితం ముందేసుకుని కూర్చుంటే సీద్రక్క చర్చిలోంచి మోకాళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. అంతే, నా చేతికి పని దొరికింది. ఆమె పేరు, వాకిలి దగ్గర ఆమె కూర్చునే చోటు రాశాను. అంతవరకు బాగానే ఉంది. కానీ తాత తుమ్ముకు గోడ పడగొట్టినవాణ్ణి అక్కడ ఆగుతానా? కింద ఇంకో వాక్యం రాశాను. 'నలభై ఏళ్ళుగా ఈమె చేసిన ప్రార్థన ఒక్కటి కూడా తప్పలేదు.'

"ఏం రాస్తున్నావురా?" అంది ఎదుట కూర్చుంటూ.

"ఊరి గొప్పలు."

"నా గురించి రాయకు. ఫోటోలకు నా పళ్ళు బాగుండవు."

నవ్వాను. ఆ రోజు కూడా ఆమె సగం గుడ్డు నేనే తిన్నాను.

రెండు నెలలు ఏమీ కాలేదు. తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. లాడ్జిలో దిగినవాళ్ళు, వాళ్ళు చెప్పగా విన్నవాళ్ళు, పక్క లాడ్జిలవాళ్ళు ఆ కరపత్రాన్ని నకలు తీసి పంచగా చదివినవాళ్ళు. జిల్లాల నుంచి బస్సులు మాట్లాడుకుని వచ్చారు. చేతిలో మడతపెట్టిన కాగితం, నోట్లో ఒకటే మాట: సీద్రా ఎక్కడ?

సీద్రక్కకు ఇంగ్లీషు చదవడం రాదు. మేనకోడలు ఆ ఏడాదే పెళ్ళి చేసుకుని కవీటే వెళ్ళిపోయింది. కాబట్టి జనం ఎందుకు వస్తున్నారో ఆమెకు చెప్పేవాళ్ళు లేరు, నేను తప్ప.

"టెరోయ్, చూశావా?" అంది ఒక శుక్రవారం. కొత్త ముదురెరుపు జాకెట్టు కుట్టించుకుంది, నజరేయుడి భక్తులు వేసుకునే రంగు. "నలభై ఏళ్ళు నేనే ఆయన దగ్గరికి పేర్లు మోసుకెళ్ళాను. ఇప్పుడు ఆయనే నా దగ్గరికి మనుషుల్ని పంపిస్తున్నాడు. సీద్రా, నువ్వు నాకు గుర్తున్నావే అన్నట్టు."

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. ఆమె మొహం చూసి మూసేసుకున్నాను. ఆ వెలుగును ఆర్పడం ఎందుకు, ఇందులో నష్టమేముంది అని నాకు నేనే ఒక కథ చెప్పుకున్నాను. నేను చెప్పిన కథల్లో పూర్తిగా నమ్మిన మనిషి దొరికింది ఆ ఒక్కదానికే.

నష్టం ఏముందో ఆమె మోకాళ్ళు చూపించాయి. రోజుకు మూడు నాలుగు నడకలు పదిహేనయ్యాయి. ఆమె ఎవరినీ కాదనదు. మొక్కు అడిగినవాళ్ళను తిప్పి పంపిస్తే ఆ బరువు తిప్పి పంపినవాళ్ళ మీదే కూర్చుంటుందని ఆమె నమ్మకం. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. వానాకాలం దాటేసరికి మోకాళ్ళు పనసకాయల్లా ఉబ్బాయి. మెట్లు దిగడానికి గోడ పట్టుకునేది. నేను బల్తజార్ కాళ్ళకు రాసే తైలం సీసా తెచ్చిచ్చాను.

మూత తీసి వాసన చూసింది. "ఇది గుర్రాలకు రాసేది కదరా."

"గుర్రానికి బాగా పనిచేసింది."

"అయితే నేను గుర్రాన్నా?"

"అది నీకంటే నయమక్కా. అలిసిపోతే ఆగిపోతుంది."

నవ్వింది. గుడ్డు ముక్క నా గిన్నెలోకి తోసింది.  దాన్ని కుక్కకు వేశాను.

మేడమ్ అగ్బయానీ దగ్గరికి వెళ్ళి ఆ పదో కారణం తీసేయమన్నాను. "అదేగా జనానికి నచ్చింది. రెండు వేలు పంచేశాం. ఇంటింటికీ తిరిగి వెనక్కి అడుక్కోమంటావా?" అంది. ఆమె తప్పేమీ లేదు. ఆమె అడిగింది పది కారణాలే, అబద్ధం అడగలేదు.

చివరికి కవీటే నుంచి మేనకోడలు వచ్చి, దూది పెట్టి రెండు మెత్తలు కుట్టి, "అత్తా, ఇవి కట్టుకోకపోతే నేను తిరిగి వెళ్ళను" అని మొండికేసింది. సీద్రక్క కట్టుకుంది. నలభై ఏళ్ళలో మొదటిసారి. లంగా కింద అవి ఎవరికీ కనపడవు, కానీ నడుస్తున్నంతసేపూ ఆమె ఏదో దొంగిలించినదానిలా తల దించుకునేది.

అప్పుడే ఫ్లోర్దెలీసా వచ్చింది. మిందోరో ద్వీపం మనిషి, ముప్ఫై ఐదేళ్ళుంటాయి. పడవా బస్సూ ఎక్కి వచ్చింది. భర్తకు మూత్రపిండాలు చెడిపోయాయి, ఆసుపత్రిలో ఉన్నాడు. చీటీ మీద గుండ్రటి అక్షరాలతో రాసింది: 'రొమూలో అలకాంతారా. బతకాలి.' సీద్రక్క మెత్తలు కట్టుకుని నడిచి, "చేరవేశాను" అంది. ఆ అమ్మాయి ఆమె చేతిని నుదుటికి తాకించుకుని వెళ్ళిపోయింది. అది ఫిబ్రవరి.

మేలో మళ్ళీ వచ్చింది, నల్లబట్టల్లో. చేతిలో బుట్టెడు మామిడిపళ్ళు. మేము జావ బండి దగ్గరున్నాం. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

బుట్ట కింద పెట్టి, బల్ల చివర కూర్చుని, చాలా మెల్లిగా అడిగింది. "పెద్దమ్మా, ఒక్క సంగతి తెలుసుకుని పోదామని వచ్చాను. నేను ఎక్కడ తప్పు చేశానో చెప్పగలరా?"

"తప్పేమిటి తల్లీ?"

"మీ ప్రార్థన ఎవరికీ తప్పలేదట. నాకే తప్పింది. అంటే తప్పు నా దగ్గరే ఉండాలి కదా. చీటీ రాసేటప్పుడు ఆయన పేరులో ఒక అక్షరం కొట్టేసి మళ్ళీ రాశాను. అందుకా? మా పెళ్ళికి ముందు వేరే అబ్బాయిని ఇష్టపడ్డాను. ఎవరికీ చెప్పలేదు. అందుకా? ఏదో ఒకటి చెప్పండి. ఏదని తెలిస్తే నిద్రపడుతుంది."

 సీద్రక్క చెయ్యి మెల్లిగా బల్ల కిందికి వెళ్ళి తన మోకాలిని తడుముకోవడం చూశాను. మెత్త ఉన్న చోట.

"నీ తప్పేమీ లేదమ్మా" అంది చివరికి. "నాదే."

ఫ్లోర్దెలీసా నమ్మలేదు. మామిడిపళ్ళు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. ఆమె సందు మలుపు తిరగక ముందే సీద్రక్క లంగా మోకాళ్ళ దాకా ఎత్తి, ముళ్ళు విప్పి, రెండు మెత్తలూ జావ పొయ్యిలో పడేసింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"నలభై ఏళ్ళు ఉత్త మోకాళ్ళతో వెళ్ళాను. మెత్తగా వెళ్ళిన మొదటి నెలల్లోనే ఒక మనిషి ప్రాణం పోయింది. ఆయన చూడడనుకున్నానా?"

"అది కాదు..."

"మరేది?"

నాకు తెలుసు. చెప్పలేదు. మెత్తలు కాలుతున్న వాసన వస్తుంటే జావ చల్లారిందని వంక పెట్టి లేచాను.

ఆ తర్వాత ఆమె నడక చూడలేకపోయాను. చర్మం లేచిపోయి, లంగాకు రెండు గోధుమరంగు మరకలు పడేవి. కళ్ళజోడు పెట్టుకున్న డాక్టరు ఒకాయన భక్తుడిగా వచ్చి చూసి, ఇలాగే నడిస్తే ఏడాదిలోగా మంచానికే పరిమితమవుతావని ఆమె మొహం మీదే చెప్పాడు. "ఏడాది ఉందన్నమాట" అంది.

చేసిన పాపం ఫాదర్ ముందు ఒప్పుకుందామని నేను పాపసంకీర్తనానికి వెళ్ళాను. అక్కడ కూడా నా బుద్ధి పోలేదు. ఆకలితో ఉన్నాననీ, రాసేటప్పుడు చెయ్యి వణికిందనీ, కలం దానంతటదే కదిలిందనీ మొదలుపెట్టాను.

జాలీ వెనక నుంచి ఫాదర్ ఆవులింత ఆపుకుని, "బాబూ, కలం సంగతి వదిలేయ్. ఆ మోకాళ్ళు నావి కావు. ఎవరివో వాళ్ళకు చెప్పు" అన్నాడు.

జూన్ మొదటి శుక్రవారం. పొద్దున్నే ఇంకా జనం పలచగా ఉన్నప్పుడు వెళ్ళాను. ఆమె వాకిలి దగ్గర కొవ్వొత్తుల బుట్ట పక్కన కూర్చుని ఉంది. నేరుగా చెప్పే ధైర్యం అప్పటికీ లేదు. ఎప్పుడూ అడగనివాణ్ణి, చీటీ మీద పేరు రాసిచ్చాను.

కళ్ళకు దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కుంది. "ఇది నీ పేరేగా. కోరిక ఏది?"

"ఒక అబద్ధానికి క్షమాపణ దొరకాలి."

"ఒక్కదానికేనా? మిగతా వాటికి వాయిదాలా?" అంటూనే గోడ పట్టుకుని లేచింది. నేను ఇంకో మాట అనేలోపు వాకిట్లో మోకాళ్ళు ఆనించేసింది. ఆ చప్పుడు నడవ అంతా వినపడింది.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఆమె మోకాళ్ళు విరగ్గొట్టిన పాపానికి క్షమాపణ తెమ్మని ఆ మోకాళ్ళనే పంపించాను. సిస్టర్ పెర్పెతువా ఉంటే బస్తాడు పెసలు తెప్పించేది.

ఆమె పక్కనే వంగి నడుస్తూ గుసగుసగా మొదలుపెట్టాను. "అక్కా, ఆగు. లే. విను." నడకలో ఆమె మాట్లాడదు. పెదాలు కదులుతున్నాయి, కళ్ళు నజరేయుడి మీదున్నాయి. "అక్కా, ఆ జనాన్ని పంపింది ఆయన కాదు. నేను." ఒక అడుగు. "మేడమ్ అగ్బయానీ కాగితంలో నీ గురించి రాశాను." ఇంకో అడుగు. "నీ ప్రార్థన ఎప్పుడూ తప్పలేదని రాశాను."

నడవ మధ్యలో ఆగిపోయింది. మా వెనక వస్తున్నవాళ్ళు పక్కనుంచి తప్పుకుని వెళ్ళారు. నలభై ఏళ్ళలో ఆమె సగంలో మాట్లాడడం అదే మొదటిసారి.

"మొదటినుంచి చెప్పు. ఏమీ కలపకుండా."

చెప్పాను. ఏమీ కలపకపోతే ఎంత చిన్నదో. నాలుగు వాక్యాలకు అయిపోయింది.

"మిందోరో అమ్మాయి?"

"ఆ కాగితం చదివే వచ్చింది."

"నా మెత్తల వల్ల కాదన్నమాట."

"కాదక్కా."

ఆమె నేల వంక చూసింది. కొత్త జాకెట్టు అప్పటికే చంకల దగ్గర వెలిసిపోయింది. "ఆయనకు గుర్తున్నాననుకున్నాను" అంది. ఆ మాట నాతో అన్నట్టు లేదు. నేను ఇంతవరకూ చాలామంది తిట్లు తిన్నాను, బల్తజార్ తన్నులూ తిన్నాను. ఇంకేదీ అంత లోతుకు దిగలేదు.

"నన్ను లేపు" అంది. చంకల కింద చేతులేసి లేపి బల్ల మీద కూర్చోబెట్టాను. ఊపిరి తీసుకుంది. "ఇక్కడిదాకా నేను తెచ్చాను. నీ పాపమేగా, మిగతాది నువ్వు నడువు."

నడిచాను. నడవలో మిగిలిన సగం దూరం అంటే చూసేవాళ్ళకు ఏమీ అనిపించదు. రాతినేల మీద ప్రతి పలకకూ ఒక అంచు ఉంటుంది. బలిపీఠం దగ్గర నా పేరు మూడుసార్లు పలకడానికి నోరు రాలేదు. రెండుసార్లే వచ్చింది. తిరిగి చూస్తే ఆమె దూరం నుంచి మూడు వేళ్ళు చూపించింది. మళ్ళీ పలికాను.

ఆ మధ్యాహ్నం ఆమె గదిలోంచి రేకుపెట్టె తెచ్చి నా ముందు బల్ల మీద బోర్లించింది. "పాత చీటీలు వేరే కట్టాను. ఇవి నీ కాగితం తర్వాత వచ్చినవి. నేను చేరవేస్తానని వీళ్ళు రాలేదు. తప్పక జరుగుతుందని వచ్చారు. అబద్ధం మీద మోసినవి చేరినట్టా, చేరనట్టా?"

"నాకెలా తెలుస్తుంది?"

"నాకూ తెలియదు. అందుకే మళ్ళీ మోయాలి. నా మోకాళ్ళు లేవు. నీవున్నాయి."

"ఇవన్నీనా?"

"ముందు ఆ పిల్లకు చెప్పిరా. తర్వాత ఇవి. శుక్రవారానికి ఒకటి. మెత్తలు కట్టుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. కానీ ఏమీ కలపకు. పేరు, కోరిక. అంతే."

మిందోరో వెళ్ళాను. ఫ్లోర్దెలీసా ఇల్లు రేవుకు దగ్గర్లోనే, పెరట్లో చేపలు ఎండేశారు. నేనెవరో చెప్పి, ఏం రాశానో చెప్పాను. కాకర పందిరి కింద నిలబడే విన్నది, నన్ను కూర్చోమనలేదు.

"అయితే నా తప్పు ఏమీ లేదా?"

"లేదమ్మా. అక్షరం కొట్టేయడం వల్ల కాదు, ఇంకొకరిని ఇష్టపడడం వల్ల కాదు. సీద్రక్క చాలామందికి మోసింది. కొన్ని జరిగాయి, కొన్ని జరగలేదు. ఎప్పుడూ అంతే."

ఆమె కాసేపు ఎండుచేపలను తిరగేసింది. తర్వాత అడిగింది. "మరి ఆయన ఎందుకు పోయాడు?"

గోడలో గుంట ఎందుకు పడిందో నాకు తెలుసు, గుర్రం ఏ భాషలో సకిలిస్తుందో తెలుసు. ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నా దగ్గర ఏ కథా లేదు. "తెలియదమ్మా" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళింది. పడవ వేళ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. మళ్ళీ బయటికి రాలేదు. ఆమెకు ఆ రాత్రి నిద్రపట్టిందో లేదో నేను ఎన్నడూ తెలుసుకోలేకపోయాను.

ఇది జరిగి పన్నెండేళ్ళయింది. బల్తజార్ పోయింది, బండి అమ్మేశాను. మేడమ్ అగ్బయానీ కరపత్రం మళ్ళీ అచ్చు వేసినప్పుడు పదో కారణం తీసేసి తొమ్మిదే ఇచ్చాను. మిగిలిన చోట ఆమె లాడ్జి గదుల్లో బట్టలు ఉతుక్కోరాదని వేయించింది. కొన్నాళ్ళు జనం పాత కాగితాలు పట్టుకుని వస్తూనే ఉన్నారు. సీద్రక్క స్టూలు మీద కూర్చుని, "అది అబద్ధం తల్లీ. రాసినవాడు అదిగో, ఆ పాకేవాడు" అని నన్ను చూపించేది. కొందరు నవ్వి, అయినా ఫరవాలేదని చీటీ ఇచ్చేవాళ్ళు. అవీ నా పెట్టెలోకే.

ఆమె మోకాళ్ళు బాగుపడలేదు. ఇప్పుడు ఎనభై. ఒక చేతికర్ర, ఒక ప్లాస్టిక్ స్టూలు, వాకిలి పక్కన అదే చోటు. నేను నడుస్తుంటే వెనక నుంచి, "వీపు నిటారుగా పెట్టు, బస్తా మోస్తున్నావా?" అని వినపడుతుంది. మెత్తలు కట్టుకోను. ధైర్యంతో కాదు. ఆమె ఎదుట కట్టుకోవడానికి మొహం చెల్లక.

కాబట్టి మనీలా వస్తే పొద్దుగూకడం చూడండి, నూడుల్స్ తినండి. శుక్రవారం కియాపో చర్చికి వెళితే నడవ మధ్యలో కాస్త చూసుకుని అడుగువేయండి. నేల మీద ఒక ముసలాడు ఉంటాడు.

పోయిన శుక్రవారం పెట్టెలోంచి వచ్చిన చీటీ తెయోఫిలా బుయెనాఫే అనే ఆవిడది. కోరిక: 'మా చెల్లెలు నాతో మళ్ళీ మాట్లాడాలి.' పేరు మూడుసార్లు పలికి, లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి, జావ బండి దగ్గరికి కుంటుకుంటూ వచ్చాను. సీద్రక్క అప్పటికే గిన్నె ముందు కూర్చుని ఉంది.

"చేరవేశావా?"

"చేరవేశాను."

"ఆ చెల్లెలు మాట్లాడిందంటావా?"

పన్నెండేళ్ళ కిందటి చీటీ. అక్కచెల్లెళ్ళిద్దరూ కౌగిలించుకోవడం, ఏడవడం, చెల్లెలు బుట్టనిండా రొట్టెలు తేవడం, అవి తిని ఊరి కుక్కలన్నీ లావెక్కడం, అంతా నా కళ్ళ ముందు కదిలింది. నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలియదక్కా" అన్నాను.

ఆమె తల ఊపి, గుడ్డును చెంచాతో రెండు ముక్కలు చేసి, రెండూ తనే తిన్నది.